ఆడబిడ్డ వాటా, అందని లెక్క

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. అక్కడ గణితమంటే ర్యాంకు. మరి ఇంటర్‌లో హెచ్‌ఈసీ చదివి బీఏలో చేరే మన పిల్లల మాటేమిటి? పదో తరగతితోనే వారికి లెక్కలతో బంధం తెగిపోతోంది. అటువంటి విద్యార్థుల కోసం ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలు వారానికి ఒక్క పీరియడైనా చర్చారూపంలో గణితం బోధించాలని మేము కోరుతున్నాము. ధర్మం, చట్టం మన ముందుంచిన ప్రశ్నలే అందులో పాఠాలు కావాలి.

ఒక ఇంటి పెద్ద మరణించాడనుకుందాం. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మాత్రమే వారసులు. అప్పులు, వసీయత్ తీరగా మిగిలింది 40 లక్షలు. దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5 లక్షలు. మిగిలిన 35 లక్షల్లో కుమారులకు 14 లక్షల చొప్పున, కుమార్తెకు 7 లక్షలు. ఆ 7 లక్షలు ఎన్ని ఇళ్లలో ఆడబిడ్డ చేతికి అందుతున్నాయి? 'పెళ్లికి పెట్టాం కదా' అని పెద్దలు అంటే, లెక్క రాని పిల్ల తలవంచుకుంటుంది.

మరో చిక్కు చూడండి. మరణించిన స్త్రీకి భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు మాత్రమే ఉన్నారు. భర్తకు సగం, అక్కచెల్లెళ్లకు మూడింట రెండు వంతులు. రెండూ కలిపితే ఆరింట ఏడు! ఉన్న ఆస్తిని మించిపోయింది. హజ్రత్ ఉమర్ (రజి) ఇటువంటి సమస్యపై సహాబాలతో సంప్రదించి, ఆస్తిని ఏడు భాగాలు చేసి, భర్తకు మూడు, అక్కచెల్లెళ్లకు నాలుగు ఇప్పించారని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. దీన్నే ఔల్ అంటారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దీనితో విభేదించారు. షియా సోదరుల పద్ధతి నేటికీ వేరే. లెక్క మీద వాదించుకోవడం మనకు కొత్తేమీ కాదు. 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వాల లెక్కలే.

తరగతిలోకి మతాన్ని తెస్తున్నారని కొందరు అనవచ్చు. పక్క బెంచీలోని హిందూ విద్యార్థిని తన ఇంటి లెక్క తెస్తుంది: ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు హక్కునిచ్చిన 1986 నాటి రాష్ట్ర చట్టం, 2005 నాటి కేంద్ర సవరణ. అప్పుడు ఇద్దరూ కలిసే లెక్క వేస్తారు. పది పోస్టులకు నోటిఫికేషన్ వస్తే బీసీ-ఈ 4 శాతం 0.4 అవుతుంది, రోస్టర్ ఆ భిన్నాన్ని ఎలా తీరుస్తుందో కూడా అక్కడే తేల్చుకోవచ్చు.

గణిత అధ్యాపకుడితో పాటు ఫరాయిజ్ తెలిసిన ఒక ఆలిమ్ ఉంటే చాలు. వచ్చే ఏటి టైంటేబుల్ ఖరారయ్యేలోగా తల్లిదండ్రులు కళాశాల యాజమాన్యాలను కలవాలి.