పరీక్ష కోడలికేనా?

పెళ్ళయి ఏడాది తిరిగిందో లేదో, "ఏమన్నా విశేషమా?" అని పలకరింపులు మొదలు. అడిగేది కోడలినే! కొడుకుని అడిగిన వాళ్ళెవరండీ? "గొడ్రాలు" అన్న మాట ఆడదానికే పుట్టింది. మగవాడికి అలాంటి మాట మన వాడుకలో వినబడదు మరి!

2024 ఏప్రిల్ 19న గరుడ ప్రసాదం కోసం చిలుకూరు బాలాజీ గుడికి జనం పోటెత్తితే దారులన్నీ స్తంభించాయి. దేవుడితో నాకు తగవు లేదు. మొక్కూ, మందూ, నిందా మూడూ ఆడదాని కొంగుకే ముడేసే మనవాళ్ళతోనే నా తగవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా, మెట్రో దిగి సంతాన కేంద్రం మెట్లు ముందు ఎక్కేది ఎవరు? కోడలే. ఆవిడకి రక్తపరీక్షలు, స్కానింగులు, నాళాలకి ఎక్స్‌రే! అబ్బాయికో? "తర్వాత చూద్దాం లెండి!" పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. అతని పరీక్షకి సూదిపోటు కూడా అక్కర్లేదు!

"నెలనెలా సరిగ్గా వస్తోందిగా, ఇంకేం లోపం?" అంటారు. నాళాలు మూసుకుపోయినా నెలసరి వస్తుందమ్మా! "పధ్నాలుగో రోజే" అన్నదీ అందరికీ చెల్లదు. అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. 35 రోజులకి వచ్చేవాళ్ళకి అది 21వ రోజు. అండం ఆయుష్షు ఒక్క రోజు, వీర్యకణానిది 5 రోజుల దాకా. కాబట్టి ముందు రోజులే ముఖ్యం.

ఏడాది చూడండి. మీకు 35 దాటితే 6 నెలలే. తర్వాత డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళండి. అత్తగారూ, కోడలిచేత ఇంకో ప్రదక్షిణ చేయించేముందు అబ్బాయిని ఆ మెట్లు ఎక్కించండి!