నడవలేని ఆడపిల్లకు ఆట కబురు చేర్చండి



మన కుందుర్పి మండలం ఊళ్లల్లో నడవలేని ఆడపిల్లలు ఎందరని అడిగితే పింఛన్ల జాబితా చూసి చెప్పేస్తాం. వాళ్లల్లో ఆటాడేవాళ్లు ఎవరని అడిగితే నవ్వుతాం. ఆ నవ్వు గురించే ఈ నాలుగు మాటలు.

కశ్మీర్‌లో బారాముల్లా పిల్ల ఇష్రత్ అఖ్తర్. 2016లో బాల్కనీ మీంచి పడి వెన్నెముక దెబ్బతింది. తర్వాత చక్రాల కుర్చీలో కూర్చుని ఆడే బాస్కెట్‌బాల్ నేర్చుకుంది. 2019 ఆగస్టులో చెన్నై శిబిరానికి ఎంపికయ్యేసరికి కశ్మీర్‌లో ఫోన్లన్నీ బంద్. పిలుపు వచ్చిందన్న సంగతే ఆమెకు తెలీదు. చివరికి సైన్యం, పోలీసులు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి చెప్పారు. ఆ ఏడాదే థాయ్‌లాండ్‌లో జరిగిన ఆసియా ఓషియానియా పోటీల్లో మన దేశం తరఫున ఆడింది. కుందుర్పిలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఇలాంటి ఆట ఒకటుందన్న కబురు మాత్రం ఏ ఇంటికీ రాలేదు.

మన దేశంలో ఈ ఆటకు సమాఖ్యను నిలబెట్టింది తెలుగు ఆడపడుచే, మాధవీలత. ఖమ్మం జిల్లా సత్తుపల్లిలో పుట్టారు. ఏడో నెలలో పోలియో. చెన్నైలో బ్యాంకు ఉద్యోగం చేస్తుండగా వెన్నునొప్పి ముదిరితే నీళ్లలో వ్యాయామం మొదలుపెట్టి, ఈతలో జాతీయ పోటీల దాకా వెళ్లారు. తనతో ఆగకుండా వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌ను కూడా తలకెత్తుకున్నారు.

ఆట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దీన్ని జాలి ఆట అనుకుంటారు. కోర్టు అదే, 28 మీటర్ల పొడవు. రింగు ఎత్తూ అదే, 3.05 మీటర్లు. ఒక్క అంగుళం కూడా దించరు. బంతి ఒళ్లో పెట్టుకుని చక్రాన్ని రెండుసార్లే తోయాలి, ఆపైన బంతిని నేలకు కొట్టాల్సిందే. కుర్చీ కూడా ఆసుపత్రి కుర్చీలాంటిది కాదు. చక్రాలు పైన దగ్గరగా, కింద ఎడంగా వాలి ఉంటాయి, గిర్రున తిరిగినా బోల్తా పడకుండా. నాకు బాగా నచ్చింది లెక్క. ఒంట్లో ఉన్న పట్టును బట్టి ప్రతి క్రీడాకారిణికీ 1 నుంచి 4.5 దాకా పాయింట్లు ఇస్తారు. కోర్టులో ఉన్న ఐదుగురివీ కలిపితే 14 దాటకూడదు. అంటే నడుము కూడా నిలపలేని పిల్ల జట్టుకు బరువు కాదు, ఆమె లేకపోతే జట్టు లెక్కే కుదరదు. పారాలింపిక్స్‌లో ఆడవాళ్ల జట్లు 1968 నుంచే ఆడుతున్నాయి.

మనకెందుకు ఇదంతా అంటారా? చింతచెట్టు మీంచో మిద్దె మీంచో పడి, కూలీల ఆటో బోల్తాపడి నడుము పోగొట్టుకున్నవాళ్లు మన పల్లెల్లో కొత్తేం కాదు. ఆసుపత్రి నుంచి వచ్చాక మంచం, గడప, అంతే వాళ్ల లోకం. మగపిల్లాడైతే మూడు చక్రాల బండిలో రచ్చకట్ట దాకా అయినా వస్తాడు.

తల్లిదండ్రులకో మాట. ఆటాడితే పింఛను తీసేస్తారని భయపడకండి. పింఛనుకు ఆధారం సదరం సర్టిఫికెట్‌లోని వైకల్య శాతం. బంతి పట్టుకుంటే అది తగ్గదు. నలుగురూ చూస్తారంటారా, చూడనీండి.

హెడ్మాస్టర్లకు, పీఈటీ సార్లకు: ఆదివారం పూట బడి గేటు తీయండి. మెట్ల పక్కన సిమెంటు వాలు, కుర్చీ పట్టేంత వెడల్పు తలుపున్న మరుగుదొడ్డి కట్టించండి. ఆ రెండోది లేకనే ఆడపిల్లలు ఇంట్లో ఆగిపోతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటల్లోనూ సమాన అవకాశం ఉండాలంటోంది, కాబట్టి మొహమాటం లేకుండా పంచాయతీని అడగండి.

బతుకుతెరువుకు బెంగళూరు చేరిన తమ్ముళ్లూ, జాతరకు చందా వేసుకున్నట్టే ఆట కుర్చీలకూ వేసుకోండి. ఒకే కొలతలున్న కుర్చీ అందరికీ సరిపోదు, ఖరీదూ ఎక్కువే. ముందు ఒకటి కొనండి, వంతులవారీగా నేర్చుకుంటారు. పిల్లలు కుదిరాక కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం తీసుకుపోదాం. అక్కడ ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ ఉంది, వెళ్లి అడుగుదాం.

ఈ వారంలోనే మీ వీధిలో అలాంటి పిల్ల ఉందేమో చూసి, తల్లిదండ్రులతో మాట్లాడి, వాళ్లు సరేనంటే పేరు గ్రామ సచివాలయంలోనో, ప్రత్యేక అవసరాల పిల్లలకు నడిచే భవిత కేంద్రం టీచరు దగ్గరో రాయించండి.