చిత్రముల కొట్టునకు తాళపుచెవి యెవరిది?

సినీమాను గూర్చి మన పెద్దలలో రెండు వాదములు తఱచుగ వినవచ్చుచున్నవి. అది రెండు గంటల కాలక్షేపమే కాని విద్య కాదనియు, పాతబడిన ఫిలిము చుట్టలను ప్రజాధనముతో కాపాడుట వృథా యనియు కొందఱందురు. చెడ్డ చిత్రములు చెడుగునే బోధించును గాన వానిని దాచుటకంటె తగులబెట్టుట మేలని మఱికొందఱందురు. ఈ రెండు వాదములను జర్మనీ తన యనుభవముచేత పరీక్షించి చూచినది. కావున ఆ దేశపు కథను పాఠకులయెదుట నుంచుచున్నాము.

చిత్రములను దాచుటకు అచ్చటి ప్రభుత్వము పెద్దయెత్తున పూనుకొనినది నాజీల కాలమున. 1935వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన బెర్లినులో రాజ్య చిత్రభాండాగారమును తెఱచినపుడు హిట్లరును గోబెల్సును స్వయముగ వచ్చిరి. ఈ గోబెల్సు ఎట్టివాడు? 1930 డిసెంబరులో, యుద్ధమును నిరసించు ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ అను అమెరికా చిత్రమును ఆడుచుండగా తన యనుచరులచేత శాలలో తెల్లయెలుకలను వదలించి యల్లరి చేయించినవాడు. ఆ యల్లరి ఫలించి చిత్రము నిషేధింపబడెను. ఐదేండ్లయినను నిండకమునుపే అట్టివాడు చిత్రములకు సంరక్షకుడై కూర్చుండెను! ప్రజలకు నిషిద్ధములైన చిత్రములను అధికారులు మాత్రము ఆ కొట్టునుండి తెప్పించుకొని చూడగలిగిరి. 1938వ సంవత్సరమున అంతర్జాతీయ చిత్రభాండాగార సమాఖ్యను నెలకొల్పిన నాలుగు సంస్థలలో ఇదియు నొకటి. కడమ మూడును పారిసు, లండను, న్యూయార్కు నగరములవి. దాచుటయందు వారికి శ్రద్ధ లేదని యెవరు ననలేరు. ఎవరికొఱకు దాచిరని మాత్రమే మేమడుగుచున్నాము.

1945వ సంవత్సరమున జర్మనీ యోడిపోగా ఆ నిధిలో పెద్దభాగము సోవియటు సైన్యమునకు చిక్కి రుష్యా చేరెను. 1955 అక్టోబరు 1వ తేదీన తూర్పు జర్మనీ తన ప్రభుత్వ చిత్రభాండాగారమును స్థాపించుకొనెను. పోయిన చిత్రములలో పెక్కు క్రమముగ దానికి తిరిగివచ్చినవి. గెలిచినవాడు ఓడినవానికి సొత్తు తిరిగి యిచ్చుట లోకమున నరుదు, దానిని మెచ్చుకొనవలసినదే. కాని తాళపుచెవి మరల ఒక ప్రభుత్వముయొక్క మొలత్రాటనే వ్రేలాడినది.

ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. లోటె ఐస్నరు అను విదుషి బెర్లినులో చిత్రవిమర్శకురాలు. యూదురాలైన దోషమునకు 1933వ సంవత్సరమున దేశము విడిచి పారిసు చేరెను. యుద్ధకాలమున నిర్బంధ శిబిరమునను మ్రగ్గెను. అట్టి యామె ఆంరీ లాంగ్లువాతో గూడి అచ్చటి సినెమాతెక్‌లో చిత్రములను కాపాడుటకే తన జీవితమును ధారపోసెను. 1952వ సంవత్సరమున జర్మను మూగచిత్రములపై గొప్ప గ్రంథమును ప్రకటించెను. జర్మను చిత్రకళను స్వదేశప్రభువులకంటె వారు వెడలగొట్టిన స్త్రీయే యెక్కువ యాదరించినదనుటకు మేము సందేహింపము.

ఇక పశ్చిమ బెర్లిను కథ. దీనికి మూలపురుషుడు గెర్హార్డు లాంప్రెఖ్టు. ఆయన 1897వ సంవత్సరమున బెర్లినులోనే పుట్టినవాడు, ప్రసిద్ధ దర్శకుడు. 1925లో నగరమునందలి దరిద్రుల బ్రదుకులను చిత్రించెను. 1931లో ‘ఎమిల్ ఉంట్ డీ డెటెక్టివె’ అను పిల్లల చిత్రమును తీసెను. 1946లో కూలిన యిండ్ల నడుమ ఆడుకొను బాలుర కథను తీసెను. నాజీల కాలమునను చిత్రములు తీయుచునే యుండెను గాన ఆయనను వీరునిగ నిలుపుట మా యుద్దేశము కాదు. మేము చెప్పదలచినది ఆయనకు గల కూడబెట్టు వ్యసనమును గూర్చి. ఫిలిము చుట్టలు, యంత్రములు, ఛాయాపటములు, చిత్రకథల వ్రాతప్రతులు, ప్రదర్శనశాలలలో పంచిన కార్యక్రమ పత్రములు, ఇతరులు చెత్తయని పాఱవేయువానినెల్ల ఆయన ప్రోగుచేసెను. బెర్లిను నగరప్రభుత్వము ఆ సంచయమును కొనగా, 1963 ఫిబ్రవరి 1వ తేదీన అదియే ‘డాయిచె కినెమాటెక్’ అను సంస్థకు పునాదియయ్యెను. ఆయనయే మొదటి యధ్యక్షుడు. బెర్లిను నడుమ గోడ లేచి అప్పటికి రెండేండ్లయినను కాలేదు!

ఆయన చేసిన మఱియొక పని మా దృష్టిలో ఇంతకంటెను గొప్పది. 1903 మొదలు 1931 వఱకు వెలువడిన జర్మను మూగచిత్రముల పట్టికను కూర్చి 1967 మొదలు 1970 వఱకు పలు సంపుటములుగ ప్రకటింపజేసెను. ప్రతి దొరకినవియు దొరకనివియు అందు చేరినవి. కొట్టులో నేమున్నదో, ఏమి లేదో పదిమందికి తెలియునట్లు వ్రాసి పెట్టుటయే తాళపుచెవిని ప్రజలచేతి కిచ్చుట. గోబెల్సు కొట్టునకును దీనికిని భేద మిదియే.

చుట్టలు కాపాడుట ఏమంత కష్టమని యడుగువారికి: 1951వ సంవత్సర ప్రాంతమువఱకు వాడిన ఫిలిము నైట్రోసెల్యులోజుతో చేసినది. ఒకమా రంటుకొన్నచో నీటిలో ముంచినను ఆఱదు. చల్లగ నుంచకున్న జిగటయై, తుదకు పొడియగును. ఆడుట ముగిసిన చిత్రములను అందలి వెండికై కరగించివేసిన వర్తకులును పెక్కుమంది. అట్టివానిని క్రొత్త ఫిలిముపైకి ఎక్కించి చల్లని గదులలో నుంచుటకు ధనము కావలెను. ధనమునకు ప్రజల సమ్మతి కావలెను.

తగులబెట్టుమను వారికి మా యుత్తరము వేఱు. 1925వ సంవత్సరమున జర్మను న్యాయస్థానమొకటి ‘నోస్ఫెరాటు’ ప్రతులను నాశనము చేయుమని, గ్రంథస్వామ్య వ్యాజ్యమున, తీర్పు చెప్పెను. విదేశములలో కొన్ని ప్రతులు మిగిలియుండుటచేత మాత్రమే నేడు దానిని చూడగలుగుచున్నాము. అది నిరపరాధమైన చిత్రమందురా? సరియే, యూదులపై విషము గ్రక్కిన ‘యూద్ జ్యూస్’ (1940) నే తీసికొందము. దానిని జర్మనులు కాల్చలేదు. దాని హక్కులు 1966లో స్థాపింపబడిన మూర్నౌ సంస్థకు చెందినవి. తెలిసినవారొకరు ముందుగ వివరించి, పిమ్మట చర్చ జరుపు సభలలోనే దానిని చూపుదురు. కాల్చియుండినచో, అట్టి చిత్రము లేనేలేదని బొంకువారికి ఏమి చూపి బదులు చెప్పుదుము?

మన దేశమునకును ఈ కథతో చుట్టరికము కలదు. హిమాంశు రాయ్, మ్యూనికు వాస్తవ్యుడైన ఫ్రాంజ్ ఓస్టెనుతో గూడి తీసిన ‘లైట్ ఆఫ్ ఏషియా’ (1925), ‘షిరాజ్’ (1928), ‘ఎ త్రో ఆఫ్ డైస్’ (1929) అను మూగచిత్రములు నేటికిని నిలిచియున్నవి, విదేశముల భాండాగారముల పుణ్యమున. 1921 ప్రాంతమున మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ నిర్మించిన ‘భీష్మప్రతిజ్ఞ’ను ఏ విదేశీయుడును దాచలేదు. మనమును దాచలేదు. కినెమాటెక్ వెలసిన మరుసటి యేట, 1964లో, పుణెలో మన జాతీయ చిత్రభాండాగారము తెఱవబడినది. ‘భీష్మప్రతిజ్ఞ’ ప్రతి మాత్రము నేడొక్కటియు లేదు.