చీనీ చెట్టు బంక కారితే తప్పంతా రైతుదేనా?

గుత్తి, పామిడి, తాడిపత్రి, గార్లదిన్నె ప్రాంతాల్లో చీనీ తోట ఉన్న రైతుకు బంక తెగులు గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంది. లోపల బెరడు కుళ్లి చెక్క నుంచి ఊడిపోతుంది. మొదలు చుట్టూ బెరడు పోతే ఆకు తయారుచేసిన ఆహారం వేరుకు దిగదు. ఆకులు పండుబారి, కొమ్మలు ఎండి, కాపు మీదున్న చెట్టు నిలువునా చస్తుంది.

దీనికి కారణం ఫైటోఫ్తోరా అనే బూజు జాతి సూక్ష్మజీవి. 1845లో ఐర్లండులో ఉర్లగడ్డ పంటను మాడ్చి లక్షల మందిని కరువుపాలు చేసింది దీని దాయాదే. ఇది మట్టిలో ఉంటుంది. మొదలు దగ్గర నీరు నిలిస్తే ఆ నీటిలో ఈదుకుంటూ వచ్చి బెరడును పట్టుకుంటుంది.

అందుకే ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట, "నీళ్లు ఎక్కువ పెట్టినావు". ఈ మాటలో సగమే నిజం. వందల అడుగుల బోరు వేసి, అప్పు చేసి డ్రిప్పు పెట్టుకున్న రైతు దగ్గర ఎక్కువయ్యేంత నీళ్లు ఎక్కడున్నాయి? కరువు సీమలో కూడా వాన ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. 2021 నవంబరులో చూశాం కదా!

మిగతా సగం నిజం అంటులో ఉంది. చీనీని రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టిన అంటే నాటాలని తిరుపతి నిమ్మ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చాలా ఏండ్లుగా చెబుతున్నారు. ఆ వేరు ఈ తెగులును కొంత తట్టుకుంటుంది. జంబేరి వేరు తట్టుకోలేదు. కానీ జంబేరి నారు ఏపుగా పెరుగుతుంది, నర్సరీ వాళ్లకు అదే సులువు. అంటు కట్టినాక కింద ఏ వేరుందో కొనే రైతుకు తెలిసే దారి లేదు. నాలుగైదేండ్లు పెంచి, కాపు మొదలయ్యాక చెట్టు చస్తే అడిగే నాథుడు లేడు. వాతావరణ బీమా వాన లెక్క, ఎండ లెక్క చూస్తుంది గానీ తోటలో ఎన్ని చెట్లు చచ్చినాయో చూడదు.

నర్సరీల నియంత్రణకు 2010లోనే చట్టం చేశారు. అది కాగితం మీద ఉంటే చాలదు. మన డిమాండ్లు ఇవి: ప్రతి అంటు బిల్లు మీద వేరు రకం రాయాలి. వేరు రకం మార్చి అమ్మితే నర్సరీ లైసెన్సు రద్దు చేసి, రైతుకు నష్టం కట్టించాలి. వేరు, మట్టి పరీక్షలు జిల్లాలోనే జరగాలి. చచ్చిన చెట్లకు పరిహారం ఇవ్వాలి. మైలుతుత్తం రైతు సేవా కేంద్రాల్లో సబ్సిడీకి ఇవ్వాలి.

మన వంతు పని మనం చేద్దాం. మొదలుకు నీరు తగలకుండా రెండు రింగుల పాదు తీయాలి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు. సేద్యం చేసేటప్పుడు మొదలుకు గాయం కానీయకూడదు. బంక కనిపిస్తే కుళ్లిన బెరడు గీకి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయాలి. గీకిన బెరడును కాల్చేయాలి.

ఈసారి అంటు కొనేటప్పుడు బిల్లు అడగండి. ఇవ్వనంటే కొనకుండా వెనక్కి రండి, సంఘానికి చెప్పండి. ఒక్కరు అడిగితే కసురుతారు, ఊరంతా అడిగితే రాసిస్తారు.