ఏకగ్రీవమంటే ఒకటే మెడ

"గెలవనని తెలిసినవాడు నిలబడటం ఎందుకండీ?"

2022 అక్టోబరులో ఈ ప్రశ్నను మా వికారాబాదులోను, తాండూరులోను పదిమంది నోట విన్నాను. అడిగినవారిలో చదువుకున్నవారే ఎక్కువ. కాంగ్రెసు పార్టీ అధ్యక్షపదవికి మల్లికార్జున ఖర్గే, శశి థరూర్ పోటీపడుతున్న రోజులవి. తెలిసిన ఫలితానికి ఎన్నిక దండుగ అని ఒకరన్నారు. థరూర్ గారిది పేరు కోసం యావ అని ఇంకొకరన్నారు. నాతోపాటు ఉద్యోగవిరమణ చేసిన మిత్రుడొకాయన మరీ ముందుకు పోయి, "పెద్దమనిషి మీద పోటీకి దిగుడు మర్యాద గాదు సార్" అన్నారు. మిత్రులారా, నా తగవు ఆ మర్యాదతోనే.

ముందుగా ఒక సంగతి చెప్పుకోవాలి. ఖర్గే గారు మా ప్రాంతానికి పరాయివారు కారు. వికారాబాదులో రైలెక్కి తాండూరు దాటితే కాసేపటికే రాష్ట్రం మారుతుంది. సేడం, ఒకనాటి రాష్ట్రకూటుల మాన్యఖేటమైన మల్ఖేడ్, చిత్తాపురం, వాడి, ఆపైన కలబురగి. సరిహద్దుకు ఆవలనే ఉన్న గుర్మిట్కల్ నుండి ఆయన 1972 మొదలు 2004 దాకా వరుసగా ఎనిమిదిసార్లు శాసనసభకు గెలిచారు. నిజాం కాలపు బీదరు జిల్లాలో దళిత కుటుంబంలో పుట్టి, రజాకార్ల మంటల్లో తల్లిని పోగొట్టుకొని, కలబురగిలో చదువుకొని, మిల్లు కార్మికుల సంఘానికి న్యాయసలహాదారుగా మొదలైన జీవితం. నాకు ఆ ఎన్నికలో ఓటు ఉండి ఉంటే ఆయనకే వేసేవాణ్ణి. అయినా థరూర్ గారు నిలబడి మంచిపని చేశారనే నా వాదం.

చాలామంది తడబడింది ఇక్కడే. జీవితంలో బలహీనుడు వేరు, బరిలో బలహీనుడు వేరు. పుట్టుకను బట్టి చూస్తే కష్టాలకు ఎదురీదినవారు ఖర్గే. థరూర్ ఐక్యరాజ్యసమితిలో ఉన్నతోద్యోగం చేసినవారు, ఆంగ్లంలో ఘనాపాఠి. కాని ఆ అక్టోబరులో బలం ఎవరి వెనుక ఉన్నదో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కరలేదు. మొదట అశోక్ గెహ్లోత్ పేరు వినిపించింది. సెప్టెంబరు 25న రాజస్థాన్ శాసనసభ్యులు ఎదురుతిరగడంతో అది మాసిపోయింది. తర్వాత దిగ్విజయ్ సింగ్ పేరు వచ్చింది, పోయింది. నామినేషన్ల ఆఖరిరోజైన సెప్టెంబరు 30న ఖర్గే గారు బరిలోకి వచ్చారు. అధిష్ఠానం తటస్థమని ప్రకటించింది. ప్రకటన ప్రకటనే. పెద్దలు ఏ ఇంటి ముందు బారులు తీరారో దేశమంతా చూసింది.

ఇక ఓటర్లెవరు? పార్టీ నియమావళి ప్రకారం బ్లాకుకొక ప్రతినిధి ఎన్నిక కావాలి. అలాంటివారు తొమ్మిదివేలకు పైచిలుకు. వారి జాబితాను బయటపెట్టండని ఎన్నికకు ముందే థరూర్, మనీశ్ తివారీ మొదలైన అయిదుగురు పార్లమెంటు సభ్యులు లేఖ రాయవలసివచ్చింది. ఓటరెవరో తెలియకుండా అభ్యర్థి ఎవరిని ఓటడగాలి? బ్యాలెటు మీద అభ్యర్థి పేరుకు ఎదురుగా "1" అంకె వేయాలని మొదట నిర్ణయించారు. ఖర్గే గారి వరుససంఖ్య కూడా ఒకటే! థరూర్ అభ్యంతరం చెప్పాక దానిని టిక్కు గుర్తుగా మార్చారు. లెక్కింపునాడు ఉత్తరప్రదేశ్ పోలింగుపై ఆయన పక్షం ఫిర్యాదు చేస్తే, దాన్ని తోసిపుచ్చినదీ పార్టీ ఎన్నికల అధికారే.

తాండూరువారికి ఇక్కడొక పాతకథ గుర్తుకు రావాలి. 1967లో తాండూరు నుండి గెలిచిన మర్రి చెన్నారెడ్డి గారి ఎన్నికను వందేమాతరం రామచంద్రరావు గారి పిటిషన్ మీద 1968లో హైకోర్టు రద్దుచేసింది. సుప్రీంకోర్టూ సమర్థించింది. అప్పటికి చెన్నారెడ్డి గారు కేంద్రమంత్రి. అంతటివారి పదవీ పోయింది. మన ఓటుకు అంత కాపలా పెట్టాం. మనం ఓటేయవలసిన మనుషులను తయారుచేసే పార్టీలకు మాత్రం లోపలి తలుపుకు గడియ కూడా పెట్టలేదు.

అక్టోబరు 17న పోలింగు, 19న లెక్కింపు. పోలైనవి 9,385. చెల్లనివి 416. ఖర్గే గారికి 7,897, థరూర్ గారికి 1,072. అంటే చెల్లిన ఓట్లలో నూటికి పన్నెండు. "అయిపాయె, అన్నట్టే ఓడిండు గదా" అన్నారు మా మిత్రులు. నేను చూసింది ఆ 1,072 మందిని. 2000లో సోనియా గాంధీ మీద నిలబడిన జితేంద్ర ప్రసాదకు వచ్చినవి 94. 1997లో సీతారాం కేసరిపై శరద్ పవార్ వంటి ఉద్దండుడికి వచ్చినవి 882. 2022లో వివిధ రాష్ట్రాల బ్యాలెట్లను కలిపివేసి లెక్కించారు గనుక ఎవరెక్కడ ఎదురు వేశారో తెలియదు. తెలియకపోవడమే వారికి ధైర్యం.

బడిలో పాఠం చెప్పిన కాలంలో తరగతి నాయకుడి ఎన్నికకు నేను చేతులెత్తించేవాణ్ణి కాను, చీటీలు వేయించేవాణ్ణి. చేతులెత్తే చోట పిల్లలు ముందుగా పక్కవాడి చేతివైపు, పెత్తందారు కొడుకు ముఖంవైపు చూస్తారు. చీటీల పెట్టెలో మాత్రం ఎవరూ ఊహించని పేరుకు తొమ్మిదో పదో వచ్చేవి. ఆ పిల్లవాడు ఓడిపోయేవాడే. కాని మరునాటి నుండి తరగతి నాయకుడి గొంతులో కొంచెం తేడా ఉండేది.

గెలుపు ఒక్కటే కొలమానమనేవారు 1939ని చూడండి. మహాత్ముని అండ ఉన్న అభ్యర్థి మన పట్టాభి సీతారామయ్య గారు. ఆ అండకు ఎదురు నిలిచిన సుభాష్ చంద్రబోసుకు 1,580 ఓట్లు, పట్టాభి గారికి 1,377. ఎదురీదినవాడు గెలిచాడు. ఏమైంది? కార్యవర్గ సభ్యులు రాజీనామాలిచ్చారు, ఏప్రిల్‌లో బోసే పదవి వదులుకోవలసివచ్చింది. ఓడిన పట్టాభి గారు 1948లో పురుషోత్తమదాస్ టాండన్ మీద పోటీచేసి గెలిచి అధ్యక్షులయ్యారు. పోటీచేసినంత మాత్రాన వీరిలో ఎవరి మర్యాదైనా తగ్గిందా?

మనకు ఇప్పుడు ప్రియమైన మాట ఏకగ్రీవం. పండితవృత్తి చేసినవాణ్ణి గనుక చెబుతున్నాను: గ్రీవమంటే మెడ. అందరికీ కలిపి ఒకటే మెడ! పది మెడలున్న దశగ్రీవుడి కొలువు కూడా నిజానికి ఏకగ్రీవమే. కాదన్న విభీషణుడు లంక దాటవలసివచ్చింది. భాజపాలో అధ్యక్షపదవికి ఓట్లు లెక్కపెట్టిన సందర్భమే లేదు. మన ప్రాంతీయపార్టీల మహాసభల్లో అధ్యక్షుడి ఎన్నిక చప్పట్లతో ముగుస్తుంది. 2022 జులైలో వైకాపా ప్లీనరీ తమ నాయకుణ్ణి జీవితకాల అధ్యక్షుడిగా చేస్తే, అది ప్రజాస్వామ్యవిరుద్ధమని ఎన్నికల సంఘమే చెప్పవలసివచ్చింది. వీటి పక్కన పెట్టి చూస్తే కాంగ్రెసువారి ఆ ఎన్నిక, ఎన్ని లోపాలున్నా, ఎన్నిక.

ఇది ఢిల్లీకే పరిమితమైతే నాకింత బాధ లేదు. సర్పంచి ఎన్నికలు రాగానే ఏకగ్రీవమైన పంచాయతీలకు నజరానాలని ప్రభుత్వాలే ప్రకటిస్తాయి, ఏ పార్టీ ఏలినా సరే. ఎన్నికే జరగకుండా చేసినందుకు బహుమతి! కొన్ని ఊళ్ళలో పదవికి వేలంపాట సాగిన వార్తలూ చదివాం. ఏకగ్రీవం కుదిర్చే రాత్రి తప్పుకోమని ఎవరికి చెబుతారు? కూలిపని చేసుకొనే మనిషికి, మద్దతు లేని ఆడమనిషికి. ఏమని చెబుతారు? "నువ్వెట్లాగూ గెలువవు, పెద్దమనుషుల మాట తీసేసుడెందుకు" అని. మా మిత్రుడు థరూర్ గారికి చెప్పిన సలహానే. తాండూరు చుట్టుపక్కల నాపరాతి గనుల్లో బండలు మోసే మనిషి వార్డుమెంబరుగా నిలబడి ఇరవై ఓట్లు తెచ్చుకుంటే, ఆ ఇరవై ఇళ్ళు ఉన్నాయని ఊరికి తెలుస్తుంది. నిలబడకపోతే అవి జాబితాలో పేర్లు మాత్రమే.

మళ్ళీ ఢిల్లీ పెద్దల సంగతి. 1992లో తిరుపతిలో పీవీ గారి హయాంలో కాంగ్రెసు కార్యవర్గానికి నిజంగానే ఎన్నికలు జరిగాయి. గెలిచినవారిలో మహిళలు, దళితులు, గిరిజనులు లేరని, గెలిచినవారందరి చేత రాజీనామా చేయించారు. కారణం న్యాయమైనదే కావచ్చు. లాభపడింది మాత్రం నామినేషన్ పద్ధతి. 1997లో కలకత్తాలో మరోసారి జరిగాయి. 2023 ఫిబ్రవరిలో రాయపూరు ప్లీనరీ వేళ, నాలుగు నెలల కిందటే పోటీలో గెలిచిన అధ్యక్షుడి హయాంలోనే, కార్యవర్గానికి ఎన్నికలు అక్కరలేదని, సభ్యులందరినీ అధ్యక్షుడే నియమించుకోవచ్చునని తీర్మానించారు. ఆ ఆగస్టులో జాబితా వచ్చింది. అందులో శశి థరూర్ పేరుంది. ఈసారి ఆయనకు ఒక్క ఓటూ అవసరం పడలేదు.