ఏడవని బిడ్డ

వార్డులో బిగ్గరగా ఏడ్చే బిడ్డ వైపే అందరి చూపూ మళ్ళుతుంది. అనుభవం గల నర్సు మాత్రం ముందుగా మౌనంగా పడివున్న బిడ్డను సమీపిస్తుంది. ఏడవడానికైనా ఊపిరి చాలాలి కదా!

బిడ్డ కదలక ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం శ్వాసలు లెక్కిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం రెండు నెలలలోపు శిశువుకు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్ళలోపు 40 శ్వాసలు, అంతకు మించినా, వేగశ్వాసగా పరిగణించాలి. అది న్యుమోనియా కావచ్చు. ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము దిగువభాగం లోనికి పోవడం, పాలు త్రాగలేకపోవడం, పెదవులు నీలివర్ణం దాల్చడం, మగత కనిపిస్తే ఆలస్యం తగదు. వెంటనే ఆక్సిజన్ అందిస్తూ డాక్టరును పిలిపించాలి.

అలసిన బిడ్డలో శ్వాసవేగం హఠాత్తుగా తగ్గి, మగత పెరిగితే అది కోలుకోవడం కాదు. పిల్లలలో సాధారణంగా ముందు ఊపిరి సడలుతుంది. గుండె ఆగేది ఆ తరువాతనే.