చెరువు నీటికి సుడుల లెక్క

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పెద్ద చెరువుల్లో నీటి నడకను లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్‌తో గణించవచ్చునా? పెద్ద సుడులను నేరుగా లెక్కకట్టి, గడికి చిక్కని చిన్నవాటిని 1963లో స్మాగొరిన్‌స్కీ చూపిన తరహాలో అంచనా వేసే పద్ధతి ఇది. చదరపు కిలోమీటరు విస్తీర్ణం, మూడు మీటర్ల లోతు గల చెరువును పది సెంటీమీటర్ల గళ్ళుగా కోస్తే 300 కోట్ల గళ్ళు! సూపర్ కంప్యూటరు గలవారికి అసాధ్యం కాదు గానీ, అనవసరమని నా అభిప్రాయం. చెరువంతటికీ లోతును సగటు చేసిన సమీకరణాలు చాలు. సుడుల లెక్క కావలసింది తూము నోటి దగ్గర, మొరవ దిగువన. పునాదిని తొలిచే సుడులు పుట్టేది అక్కడే. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ గుండా కృష్ణా నీరు కుప్పం చేరింది. ఆ నీరు చెరువులోకి దూకే చోటనూ ఈ శ్రమ దండగ కాదు. అయితే ముందుగా ఎవరైనా పడవ వేసుకొని పూడిక ఎంతుందో కొలిచి ఇవ్వాలి. చెరువు అడుగు ఎక్కడుందో కంప్యూటరుకు తెలియదు కదా!